రేవు దాటొచ్చిన పేపరు

ముక్తేశ్వరం రేవుకి తొమ్మిదింటి పడవ వచ్చే వేళకి మా మావయ్య గట్టు మీద సైకిలు స్టాండు వేసి, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నీళ్ళలో నిలబడి ఉండేవాడు. పడవ ఇంకా రెండు మూడు బారల దూరంలో ఉండగానే పడవ మీది మనిషి పేపర్ల కట్ట ఎత్తి విసిరేవాడు. మావయ్య దాన్ని పసిపిల్లని అందుకున్నట్టు గుండెకేసి అందుకునేవాడు. అన్నేళ్ళ పేపరు ఏజెన్సీలో ఆ పట్టు తప్పింది రెండుసార్లే. ఆ రెండు రోజులూ దేశవిదేశాల వార్తలన్నీ మా అమ్మమ్మ పెరట్లో దండెం మీద, చీరల పక్కన, మధ్యాహ్నం దాకా ఆరాయి. ఆరిన పేపరు అప్పడంలా బిరుసెక్కి, మడత పెడితే విరిగేలా ఉండేది. అయినా చందాదారుల్లో ఒక్కరూ వద్దనలేదు. డబ్బులు తగ్గించుకోమని కూడా అడగలేదు.

అవతలి గట్టు కోటిపల్లి. పేపరు విజయవాడలో అచ్చయ్యేది. రాత్రి రైలెక్కి, పొద్దున్న బస్సెక్కి, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, గోదారి పాయ గౌతమి దాటి మా వైపుకి వచ్చేది. రేవు నుంచి మా ఊరు మూడు మైళ్ళు, కాలవ గట్టు మీద. వేసవిలో గోదారి సన్నబడి నడుమ ఇసక మేటలు తేలితే కట్ట కొంత దూరం మనిషి నెత్తి మీద, కొంత దూరం పడవ మీద వచ్చేది. వరద రోజుల్లో పడవ కట్టేసేవాళ్ళు. ఆ రోజు మా ఊరికి ప్రపంచం లేదు. మొత్తం 22 కాపీలు. చదివేవాళ్ళు మాత్రం రెండొందల మందికి తక్కువుండరు. చదివేవాళ్ళు అన్నాను గానీ, వినేవాళ్ళు అనాలి.

మా తాతయ్యకి సంతకం వరకే చదువు. నేను మూడో తరగతిలోకి రాగానే పేపరు చదివే డ్యూటీ నా మీద పడింది. అరుగు మీద స్తంభానికి చేరగిలి, చుట్ట వెలిగించుకుని, "ఆయ్, కానివ్వరా" అనేవాడు. చదివే వరస ఆయనదే. మొదట వాన ఎప్పుడు, ఎక్కడ. తరవాత ఎవరైనా పెద్దవాళ్ళు పోయారా. ఆ తరవాత కొబ్బరి రేట్లు. కొత్త కొబ్బరి క్వింటాలు ఎంత, కురిడీ, అంటే ఎండిన కొబ్బరికాయ, వెయ్యి ఎంత, అందులో గండేరా రకం ఎంత, గటగట రకం ఎంత. అంబాజీపేట మార్కెట్టు ధరలు చదివేటప్పుడు అరుగు మీద చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఢిల్లీ సంగతులు అన్నిటికన్నా చివర. అప్పటికి సగం మంది తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాళ్ళు. మొదటి పేజీ నుంచి చదవాలని నాకు పెద్దయ్యేదాకా తెలీదు.

ఒకరోజు "ద్రవ్యోల్బణం" అని వచ్చింది. మూడుసార్లు తడబడి నాలుగోసారి గట్టిగా చదివాను. తాతయ్య చుట్ట తీసి, "అదేం జబ్బురా? మన వైపుకి వచ్చిందా?" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన అడిగినదాంట్లో తప్పేమీ కనపడదు. అప్పట్లో ఢిల్లీ నుంచి వార్త ఇంగ్లీషులో టెలిప్రింటరు మీద వచ్చేది. రాత్రి డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటరు గడియారం చూసుకుంటూ దాన్ని తెలుగు చేయాలి. మాట దొరక్కపోతే సంస్కృతం నుంచి తెచ్చి అతికించాలి. అభిశంసన, ప్రతిష్టంభన, అవిశ్వాస తీర్మానం, ఇలాంటివన్నీ నేను బడిలో నేర్చుకోలేదు. చుట్ట పొగలో దగ్గుతూ నేర్చుకున్నాను.

తాతయ్య చిన్నతనంలో ఊరి మొత్తానికి ఒకటే పేపరు. కరణం గారి ఆంధ్రపత్రిక. అది పోస్టులో వచ్చేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో దాన్ని బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914 ఏప్రిల్లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. బొంబాయిలో తెలుగు పత్రికేమిటని నాకు చాలాకాలం వింతగా ఉండేది. ఆయన అమృతాంజనం వ్యాపారం అక్కడ కదా మరి. తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో పేపరు నడిపిన మహానుభావుడు. చదివితే తలనొప్పి తెప్పించే పేపర్లు తరవాత నేను చాలా చూశాను.

దినపత్రిక అయిన నాలుగు నెలలకే ఐరోపాలో యుద్ధం వచ్చింది. తాతయ్యకి అప్పుడు పదేళ్ళు. మద్రాసులో అచ్చయిన పేపరు మెయిల్లో వచ్చి, పోస్టు సంచీలో ఊళ్ళు తిరిగి, కాలవ దాటి కరణం గారి అరుగెక్కేసరికి రెండు మూడు రోజులయ్యేది. అంటే మావాళ్ళు విన్న యుద్ధం ఎప్పుడూ మూడు రోజుల కిందటిది. అయినా జర్మనీవాడు ఎక్కడిదాకా వచ్చాడని సాయంత్రం పూట పాతికమంది చేరేవాళ్ళట. తరవాత గాంధీగారి సహాయ నిరాకరణ రోజులొచ్చాయి. ఆ వార్తల దగ్గరికి వచ్చేసరికి కరణం గారు గొంతు తగ్గించి, సగం మింగి చదివేవారని తాతయ్య నవ్వేవాడు. ఎంతైనా సర్కారు ఉద్యోగం. ఆ మింగిన సగం కోసం ఊళ్ళో కుర్రాళ్ళు మర్నాడు కరణం గారి పాలేరుని మంచి చేసుకుని, పేపరు బయటికి తెప్పించుకుని, గడ్డిమేటు వెనక చదువుకునేవాళ్ళట. సెన్సారు చేసేవాడొకడుంటే దాన్ని దాటించేవాడొకడు ఉంటాడు. ఇది 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు నా కళ్ళతో చూశాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పేపరంతా ఇరవై సూత్రాలే. నెల రోజులు విన్నాక తాతయ్య, "సమ్మె లేదు, గొడవ లేదు, దేశం ఇంత బాగుంటే భయమేస్తోందిరా" అన్నాడు.

రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో గౌతమీ గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. చదువు మీద శ్రద్ధ అనుకునేరు, హాస్టలు గదిలో ఫ్యాను లేక. అక్కడ పాత పత్రికల బౌండు పుస్తకాలు తిరగేస్తుంటే కాగితం పొడి వేళ్ళకి పసుపులా అంటేది. మన గోదారి గట్టున పత్రికల కథ ఎంత వెనక నుంచి ఉందో అక్కడే తెలిసింది. కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పెట్టింది 1874లో. అప్పుడాయన ధవళేశ్వరం బడిలో హెడ్‌మాస్టరు. రాసేది ఇక్కడ, మొదట్లో అచ్చు వేయించేది మద్రాసులో. ఈ వైపుకి రైలింకా రాని రోజులు, గోదారి మీద వంతెన లేని రోజులు. రాతప్రతి అంత దూరం పోవాలి, పత్రిక అంత దూరం తిరిగి రావాలి. చివరికి విసుగెత్తి రాజమండ్రిలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. కోర్టుల్లో లంచాలు మరిగినవాళ్ళ గుట్టంతా అందులో వేసేవారు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారి ఆంధ్రభాషా సంజీవనితో ఈయనకి నిత్యం పేచీ. అటు వాళ్ళు హాస్యవర్ధని అని పెడితే ఇటు ఈయన హాస్యసంజీవని అని పెట్టారు. ఎదుటివాడి పేరులో సగం లాక్కుని తిట్టుకోవడమన్నమాట. ఆ చమత్కారం చదివి లైబ్రరీలో ఒక్కణ్ణే నవ్వితే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు మీంచి చూశారు.

బందరు కృష్ణాపత్రిక సంగతి, దాన్ని 1907 నుంచి 1945లో పోయేదాకా నడిపిన ముట్నూరి కృష్ణారావు గారి సంగతి అందరికీ తెలిసిందే. నాకు ఎక్కువ నచ్చిన మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. రాజమండ్రి ట్రెయినింగు కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు గెంటేస్తే, వెళ్ళి బెజవాడలో స్వరాజ్య అని పత్రిక పెట్టి, 1908లో తెల్లదొరతనం మీద రాసి జైలుకెళ్ళారు. కాలేజీ పోయిందని ఇంటికెళ్ళి కూర్చోలేదు. నేనైతే కూర్చునేవాణ్ణే.

ఇక నా సొంత గొడవ. 1979, పదో తరగతి ఫలితాలు. ఇప్పటి పిల్లలకి చెప్పినా నమ్మరు, అప్పట్లో ఫలితాలంటే పేపర్లో పేజీల కొద్దీ నంబర్లు. ఫస్టు క్లాసు వేరే, సెకండు క్లాసు వేరే, థర్డు క్లాసు వేరే. పాసయ్యావా అని ఎవరూ అడగరు, "నంబరు పడిందా?" అంటారు. ఆ రోజు మావయ్యతో పాటు ఊళ్ళో పదిమంది రేవులో ఉన్నారు. కట్ట గట్టుకి చేరక ముందే పురికొస తెంపేశారు. నా వేలు వణుకుతూ వరస వెంట దిగింది. సెకండు క్లాసు వరసలో నా ముందు నంబరుంది, నా వెనక నంబరుంది. మధ్యలో నాది ఉండాల్సిన చోట పెసరగింజంత సిరా మచ్చ. ఇంకో కాపీ తీశాం, అక్కడా అదే మచ్చ. 22 కాపీల్లోనూ అదే చోట, అదే మచ్చ.

మచ్చ కింద నా నంబరుందా, ఏమీ లేని చోట మచ్చ పడిందా? ఊరంతా దీని మీద రెండు పార్టీలైంది. పోస్టుమాస్టరు గారు భూతద్దం తెచ్చి, "ఏదో అంకె తోకలా ఉందండి" అన్నారు. అది ఏడో, ఒకటో చెప్పలేకపోయారు. మావయ్య నా మొహం చూడలేక మళ్ళీ పడవెక్కి కోటిపల్లి వెళ్ళి, అక్కడి కిళ్ళీ కొట్లో వేరే పేపరు చూసొచ్చాడు. అందులో నా నంబరు సెకండు క్లాసులో శుభ్రంగా ఉందిట. సంతోషించాలి కదా? మా నాన్న సంతోషించలేదు. "ఒక పేపరు ఉందంటోంది, ఒకటి లేదంటోంది. దేన్ని నమ్మమంటావు?" అన్నాడు. నాలుగు రోజుల తరవాత హెడ్‌మాస్టరు గారి దగ్గరికి లిస్టు వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి మీద పాయసం పెట్టలేదు. ఆ నాలుగు రోజులూ నేను అన్నం తిన్నట్టు గుర్తు లేదు, తిట్లు తిన్నది మాత్రం గుర్తుంది.

ఆ మచ్చ ఎలా పడిందో తెలుసుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. మావయ్య రసీదు పుస్తకాలు అచ్చు వేయించడానికి అమలాపురంలో ఒక చిన్న ప్రెస్సుకి వెళ్తుంటే వెంటపడ్డాను. శుభలేఖలు, కరపత్రాలు వేసే ప్రెస్సు. గోడ పొడుగునా వాలు బల్లలు, వాటి నిండా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరు అక్షరాలు, పెద్దబడీ చిన్నబడీ కలిపినా ఒక బల్ల చాలు. మనకి గుణింతాలు వేరే, వత్తులు వేరే, కొన్ని వందల గళ్ళు. కంపోజిటరు గారికి అరవై దాటి ఉంటాయి. కాగితం వైపే చూస్తున్నారు, చెయ్యి దాని దారిన అది గళ్ళలోకి వెళ్ళి అక్షరం తెచ్చి స్టిక్కు అనే ఇనప పట్టీలో పేరుస్తోంది. అన్నీ అద్దంలో చూసినట్టు ఎడమ తిరిగి ఉంటాయి. ఆయనకి మామూలు రాత కంటే అదే సులువుట. "లకారాలు అయిపోతే ఏం చేస్తారండి?" అన్నాను. ఏదో ఒక అక్షరం తలకిందులుగా పెట్టి వదిలేస్తారట. ఇంకో పేజీ విప్పాక లకారాలు దొరికితే అప్పుడు మార్చుకుంటారు. మార్చడం మరిచిపోతే శుభలేఖలో పెళ్ళికొడుకు తలకిందులవుతాడని నవ్వారు.

నా మచ్చ సంగతి చెప్పాను. ఆయన ఒక సన్నటి సీసం ముక్క తీసి చూపించారు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కోసం పెట్టే ముక్క. అక్షరం కన్నా పొట్టిగా ఉంటుంది కాబట్టి దానికి సిరా అంటదు. బిగింపు సరిగ్గా లేకపోతే మిషను అదురుకి అది పైకి లేస్తుంది. లేచి సిరా పూసుకుని పక్క అంకెల్ని మింగేస్తుంది. "ఖాళీ లేచిందయ్యా, అంతే. నీ నంబరు కిందే ఉంది" అన్నారు. నాలుగు రోజుల నా ఏడుపుకి కారణం గోరంత ఖాళీ ముక్క. అది జేబులో వేసుకుంటానంటే ఇచ్చారు. చాలా ఏళ్ళు నా దగ్గర ఉంది.

ఆ ఏడు జులైలోనే స్కైలాబ్. అమెరికావాళ్ళు ఆకాశంలో పెట్టిన 77 టన్నుల ఇనుము కిందికి పడబోతోందని, ఎక్కడ పడుతుందో చెప్పలేమని పేపర్లో వచ్చింది. మనుషుల మీద పడే అవకాశం బహు తక్కువని కూడా అందులోనే ఉంది, కానీ ఆ ముక్క ఎవరిక్కావాలి? మావయ్య పాతిక కాపీలు అదనంగా తెప్పిస్తే రేవు దాటకుండానే చెల్లిపోయాయి. ఊళ్ళో కోళ్ళు బతకలేదు. పోయేముందు తినేద్దామని అప్పులు చేసి మేకల్ని కోసినవాళ్ళున్నారు. అది జులై 11న హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియా పడమటి వైపు కొంత రాలిపోయింది. చదివి వినిపిస్తే తాతయ్య, "పాపం, వాళ్ళకి పేపరు రాదేమోరా" అన్నాడు.

ఇంతలో పేపరు తీరే మారిపోయింది. ఈనాడు 1974 ఆగస్టులో విశాఖపట్నంలో మొదలైంది, వివేకవర్ధని వచ్చిన సరిగ్గా నూరేళ్ళకి. 1978లో విజయవాడలో కూడా అచ్చు మొదలైంది. దాని రాతలు, దాని గొప్పలు, దాని మీద ఫిర్యాదులు అవన్నీ వేరే కథ. నా మట్టుకు అసలు మార్పు గడియారంలో వచ్చింది. తెల్లారేసరికి పేపరు గుమ్మంలో ఉండాలని పట్టు పట్టింది. మిగతావాళ్ళు కూడా పరుగెత్తక తప్పలేదు. వ్యాన్లు రావులపాలెం మీదుగా అమలాపురం దాకా చీకట్లోనే రావడం మొదలయ్యాక, కట్ట రేవుకి రావడం మానేసింది. మావయ్య గోదారిలో దిగడం మానేశాడు. నాలుగింటికి లేచి సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడేవాడు. "నీళ్ళలో నిలబడితే పడవలో ఎవరొచ్చారో తెలిసేదిరా. ఇక్కడ కుక్కలే" అనేవాడు.

అయితే తొందరగా రావడానికి ఒక వెల ఉంది. దూరం ఊళ్ళకి ముందుగా అచ్చేసి పంపేది డాక్ ఎడిషన్. మాకు వచ్చేది అదే. 1983 జూన్ 26 పొద్దున్న మా పేపర్లో ఇండియా 183కి ఆలౌట్ అని ఉంది. అంతవరకే ఉంది. ఓడిపోయాం కాబోలని సగం మంది నిట్టూర్చి పొలాలకి పోయారు. ప్రపంచ కప్పు మనదేనని రేడియోలో ఢిల్లీ తెలుగు వార్తలు విని, కాలవ గట్టు వెంట అరుచుకుంటూ పరుగెత్తినవాణ్ణి నేనే. పేపర్లో ఆ గెలుపు మా ఊరికి 27న వచ్చింది. ఆ రోజు పేపరు ఎవరూ పొట్లాలకి ఇవ్వలేదు.

1986 ఆగస్టు వరద మాట ఎత్తితే మా వైపు ఇప్పటికీ ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. మేము ఏటిగట్టు మీద తాటాకు పాకలో ఆరు రోజులున్నాం. పేపరు లేదు. నాన్న ట్రాన్సిస్టరు నీళ్ళలో పోయింది. నీరు తీశాక ఆరు రోజుల పేపర్లూ ఒకే కట్టగా వచ్చాయి. పాతవి ఎవడు కొంటాడని మావయ్య పక్కన పడేయబోతే, జనం ఎగబడి ఆరు రోజులవీ కొన్నారు. ఎవరి ఊరు వాళ్ళు వెతుక్కుంటున్నారు. తాతయ్య కూడా నా పక్కన కూర్చుని, "మన ఊరు చదవరా" అన్నాడు. ఆరు పేపర్లూ వెతికాను. కోనసీమ జలదిగ్బంధం అని ఉంది. లంక గ్రామాలు అని ఉంది. మా ఊరి పేరు లేదు. నడుం లోతు నీళ్ళలో పశువుల్ని ఈడ్చుకొచ్చినవాడికి ఆ "లంక గ్రామాలు" అన్న మాట ఎంత చిన్నగా కనపడుతుందో ఆ రోజు చూశాను.

అందుకే 1989లో జిల్లా పేపరు వచ్చినప్పుడు మా ఊళ్ళో పండగ చేసుకున్నారంటే ఎవరూ నవ్వకూడదు. పెద్ద పేపరు మడతలో సగం సైజు చిన్న పేపరు, అందులో అంతా జిల్లా సంగతులే. ఈనాడు మొదలుపెడితే మిగతావాళ్ళూ పెట్టారు. నేనప్పటికి ముక్తేశ్వరంలో ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తున్నాను. ఒక పేపరుకి కంట్రిబ్యూటరుగా కుదిరాను. మొట్టమొదట రాసింది మా ఊరి కల్వర్టు గురించి. కూలిపోయి మూడేళ్ళయింది, బళ్ళు పడిపోతున్నాయి అని. మర్నాడు కాక ఆ మర్నాడు పడింది, పన్నెండు లైన్లు. తాతయ్యకి అప్పటికి చూపు సరిగ్గా లేదు, మంచం మీదే. చదివి వినిపించాను. వాన, చావులు, కొబ్బరి, ఏ వరసా అడగలేదు. ఊరి పేరు దగ్గర చెయ్యెత్తి ఆపి, "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఇది అన్ని ఊళ్ళకీ వెళ్తుందా?" అన్నాడు. "జిల్లా అంతా వెళ్తుంది తాతయ్యా" అన్నాను. ఆ పైన ఏడాదికి పోయాడు.

కంట్రిబ్యూటరు బతుకు ఎలాంటిదో చెప్పాలి. సాయంత్రం ఐదింటికి వార్తలు తెల్లకాగితం మీద ఒకవైపే రాసి, కవర్లో పెట్టి, మీద ఎర్ర సిరాతో "వార్తలు – అర్జంటు" అని రాసి, రాజమండ్రి బస్సు డ్రైవరుకి ఇచ్చేవాణ్ణి. అక్కడ బస్టాండులో పేపరువాళ్ళ డబ్బా ఉండేది, అందులో పడేయాలి. డ్రైవరు మంచివాడైతే పడేస్తాడు. మరిచిపోతే కవరు ఆ రాత్రి డిపోలో పడుకుంటుంది, వార్త చద్దిదైపోతుంది. డబ్బుల లెక్క ఇంకా విచిత్రం. నెలాఖరుకి మనం రాసిన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాలకి అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపాలి. దాన్ని లైన్ అకౌంటు అనేవాళ్ళు. అచ్చులో ఎంత పొడుగుంటే అంత డబ్బు. కల్వర్టు విరిగిందన్న ముక్క రెండు లైన్లలో చెప్పొచ్చు, కానీ రెండు లైన్లకి టీ డబ్బులైనా రావు. కాబట్టి కల్వర్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసేవాళ్ళం. డెస్కువాళ్ళు కోసేసేవాళ్ళు. అంటించడానికి మా అమ్మ మైదా జిగురు కాచి ఇచ్చేది. ఆ డబ్బులు కూడా మూడేసి నెలలకి గానీ వచ్చేవి కాదు. "నాన్నా, నీ జీతం కంటే నా మైదాపిండి ఖర్చే ఎక్కువరా" అనేది.

జిల్లా పేపరు మీద నాకో బాధ మాత్రం ఉండిపోయింది. మా చెల్లెల్ని నరసాపురం ఇచ్చాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి రెండో పాయ వశిష్ట దాటితే అదే నరసాపురం. ఇటు గట్టున నిలబడి చూస్తే అటు గట్టున బళ్ళు కనపడతాయి. కానీ అది పశ్చిమ గోదావరి, అప్పట్లో మాది తూర్పు. దాని చిన్న పేపరు వేరు, మా చిన్న పేపరు వేరు. నా పేరుతో వచ్చిన వార్త ఒక్కటీ మా చెల్లెలు చూడలేదు. వాళ్ళ మావగారు రొయ్యల చెరువులో నష్టపోయిన సంగతి మాకు పేపర్లో తెలీలేదు. ఒకప్పుడు ఎక్కడెక్కడి వార్తా గోదారి దాటొచ్చి మా అరుగు మీద వాలేది. మా ఊరి పేరు అచ్చులో చూసుకునే రోజు వచ్చేసరికి ఆ వార్త గోదారి దాకా వెళ్ళి ఆగిపోయింది. జిల్లా ఎడిషన్లు పెట్టినవాళ్ళకి ఇది లెక్కలో తట్టి ఉండదు. నది ఒడ్డున ఇల్లు ఉన్నవాడికే తడుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను. గాలి హోరు ఆగాక తెల్లవారుజామున తలుపు తీస్తే పెరట్లోకి ఆకాశం కనపడింది. అంతకుముందు ఎప్పుడూ కనపడేది కాదు, కొబ్బరి మట్టలు అడ్డు. మావి అరవై ఒక్క చెట్లు. నాలుగు మిగిలాయి. అమ్మ ఏడవలేదు, పడిపోయిన చెట్ల మధ్య తిరుగుతూ ఏ చెట్టు ఎవరు నాటారో చెప్పుకుంటూ వెళ్ళింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు, బస్సు లేదు. నేను ఆ రోజు పదకొండు పేజీలు రాశాను. కవరు పట్టుకుని దారికడ్డంగా పడిన చెట్ల మీంచి దూకుతూ అమలాపురం దాకా నడిచాను. కవరు ఎవరికిచ్చానో, ఎలా వెళ్ళిందో, మూడోనాడు నా వార్త పడింది. మూడు లైన్లు. అప్పటికే పెద్ద విలేకరులు జీపుల్లో వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళారు. నేను కోపం తెచ్చుకుని ఆ నెల లైన్ అకౌంటు పంపలేదు. పంపలేదన్న సంగతి ఎవరూ గమనించనే లేదు. ఆ తరవాత నెమ్మదిగా మానేశాను.

మిగతాది మీకు తెలిసిందే. ఆంధ్రపత్రిక 1991లోనే ఆగిపోయింది. అచ్చు రంగుల్లోకి వచ్చింది. ఫాక్సు వచ్చింది, పోయింది. పేపరు ఫోన్లోకి దిగింది. మావయ్య పోయాక ఏజెన్సీ వాళ్ళబ్బాయి చూస్తున్నాడు. 2020లో కరోనా రోజుల్లో గేటు దగ్గరే "వద్దు బాబూ" అన్నవాళ్ళలో చాలామంది మళ్ళీ వేయించుకోలేదని చెప్పాడు. బియ్యం కొట్టువాడికి, పకోడీల బండివాడికి పాత పేపర్ల కొరత వచ్చిందని కూడా చెప్పాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ బీరువా సర్దిపెట్టమంది. ఎనభై దాటాయి, శుక్లాల ఆపరేషనయ్యాక కూడా చిన్నక్షరాలు ఆనవు. చీరలు తీసి మంచం మీద పెట్టి, అర అడుగున పరిచిన పేపరు లాగితే గోధుమరంగుకి తిరిగి ఉంది. తిరగేస్తే అంబాజీపేట మార్కెట్టు ధరలు. నిలబడి చదువుతున్నాను.

"ఏం చదువుతున్నావురా?"

"కొబ్బరి రేట్లమ్మా."

"గటగట ఎంతుంది?"

చెప్పాను. అమ్మ మొహం చిట్లించింది. "అంతేనా? ఇవాళ్టిదేనా?"

"కాదమ్మా, పాతది. తొంభై ఆరు, సెప్టెంబరు."

అమ్మ కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుంది. "అంటే తుపానుకి ముందుదన్నమాట. చెట్లున్నాయి అప్పటికి" అంది. కొత్త పేపరు తెచ్చి పరుస్తానంటే వద్దంది. చేతిలోంచి తీసుకుని, మడతలు అరచేత్తో సాపు చేసి, ఆ రేట్లు పైకి కనపడేలా మళ్ళీ అదే అరలో పరిచి, చీరలు ఇమ్మంది.